చదివి వినిపించని ప్రశ్నలు

అప్పలస్వామిని ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆపింది పరాయివాళ్లెవరూ కాదు, సొంత మేనకోడలు ఝాన్సీ. ఆ మాట ఊళ్లో చాలా రోజులు తిరిగింది. తిరిగినకొద్దీ పెరిగింది కూడా. సెక్యూరిటీ వాళ్ల చేత బయటికి నెట్టించిందని ఒకరు, అందరి ముందూ నానా మాటలూ అన్నదని ఇంకొకరు. అవేమీ జరగలేదు. జరిగింది చాలా చిన్నది. చిన్నది కాబట్టే ఝాన్సీ దాన్ని ఎవరికీ సరిగ్గా చెప్పుకోలేకపోయింది.

ఎచ్చెర్ల దాటాక హైవే పక్కన ఉన్న ఆ ఫ్యాక్టరీలో మందులకు కావలసిన ముడిసరుకు తయారవుతుంది. అప్పలస్వామి అక్కడ పెయింటరు. కంపెనీ మనిషి కాదు, ధనరాజ్ అనే కాంట్రాక్టరు కింద పనిచేసేవాడు. ట్యాంకులు, పైపులు, ఇనప మెట్లు, షెడ్లు, ఇలా సముద్రం గాలికి తుప్పు పట్టినవన్నీ గీకి రంగు వేయడం అతని పని. ఫ్యాక్టరీ కట్టిన నాటి నుంచీ ఆ పనిలోనే ఉన్నాడు. శ్రీకూర్మం రోడ్డులో ఉన్న వాళ్ల ఊరి నుంచి పొద్దున్నే టీవీఎస్ బండి మీద వచ్చేవాడు. ఎంత ఎత్తయినా ఎక్కేవాడు. నడుముకి బెల్టు కట్టుకోమంటే మాత్రం, "అది కట్టుకుంటే సెయ్యి ఆడదు బాబూ" అని నవ్వేసేవాడు.

ఝాన్సీ అతని అక్క కూతురు. ఆ గేటు ఆఫీసులో ఉద్యోగం ఖాళీగా ఉందని కబురు తెచ్చింది కూడా అతనే. "కుర్సీలో కూకొని సేసీ పని. ఫ్యానుంటాది. ఎల్లి అడుగు" అన్నాడు. ఆమె వెళ్లింది. ఎం.కామ్ చదివింది, కంప్యూటరు వచ్చు, మాట మెత్తన. తీసుకున్నారు.

మొదట్లో గేటు దగ్గర పెద్ద పని ఉండేది కాదు. వచ్చినవాళ్ల పేర్లు పుస్తకంలో రాయడం, పాసు ఇవ్వడం, అంతే. తర్వాత సేఫ్టీ ఆఫీసరుగా ప్రమోద్ వచ్చాడు. విజయనగరం మనిషి. ఇంతకు ముందు పనిచేసిన చోట ఒక కుర్రాడు విషవాయువు నిండిన ట్యాంకులోకి దిగి, మళ్లీ పైకి రాలేదు. ఆ కుర్రాడు అంతకు ముందు రోజే పనిలో చేరాడు. లోపల ఏముంటుందో అతనికి ఎవరూ చెప్పలేదు. ప్రమోద్ ఆ సంగతి ఎప్పుడో ఒకసారి టీ తాగుతూ ఝాన్సీతో చెప్పాడు. "అందుకే మేడమ్, నేర్చుకోకుండా ఒక్క మనిషి కూడా మన గేటు దాటకూడదు" అన్నాడు.

అతను వచ్చిన కొత్తలోనే హైదరాబాదు ఆఫీసు వాళ్లు గేటుకి విజిటర్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ పంపించారు. లారీ డ్రైవర్ అయినా, ఆడిటర్ అయినా, కూలి మనిషయినా ఫోన్ నంబరు చెప్పగానే ఝాన్సీ ముందున్న తెర మీద ఫోటో వస్తుంది. సేఫ్టీ ట్రైనింగ్ అయిందా, గడువు ఇంకా ఉందా, ఏ పనికి అనుమతి ఉందో అన్నీ కనిపిస్తాయి. అన్నీ సరిగ్గా ఉంటే ఫోటో చుట్టూ ఆకుపచ్చ గీత వచ్చి, పాసు దానంతట అదే ప్రింటవుతుంది. గడువు తీరితే ఎర్ర గీత. అప్పుడు ఆ మనిషి పక్కనున్న టాబ్ దగ్గర నిలబడి వీడియో చూసి, పది ప్రశ్నలకి జవాబులు నొక్కాలి. ప్రతి ప్రశ్నకీ కొద్ది సెకన్లే సమయం. రెండుసార్లు తప్పితే ఆ మనిషి పేరుకి తాళం పడిపోతుంది. ఇక నెలకొకసారి ప్రమోద్ చెప్పే క్లాసుకి వచ్చి కూర్చోవలసిందే.

ఝాన్సీకి ఆ సాఫ్ట్‌వేర్ అంటే మొదట్లో ఇష్టంగానే ఉండేది. ఎవరో పెద్దమనిషి పేరు చెప్పుకుని లోపలికి దూరిపోయేవాళ్లని ఇప్పుడు ఆమె ఆపనక్కర్లేదు, తెరే ఆపుతుంది. తను చెడ్డ అనిపించుకోనక్కర్లేదు.

వేసవిలో ఫ్యాక్టరీ ఆపేసి మరమ్మతులు చేసే రోజులు వచ్చాయి. అప్పుడు గేటు దగ్గర తిరునాళ్లలా ఉంటుంది. వెల్డర్లు, ఫిట్టర్లు, పరంజాలు కట్టేవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. అలా వచ్చినవాళ్లలో ఉపేంద్ర ఒకడు. పర్లాకిమిడి అవతలి మనిషి, పరంజా కట్టే పని. తెలుగు మాట్లాడితే అర్థమవుతుంది గానీ అక్షరం రాదు. టాబ్‌లో ఒడియా లేదు. అతను ఆ ప్రశ్నల వైపు చూసి, ఝాన్సీ వైపు చూసి, చేతులు కట్టుకుని నిలబడిపోయాడు. ఝాన్సీకి జాలేసింది. ప్రమోద్‌కి ఫోన్ చేసింది.

"సార్, ఇతను చదవలేడు. నేను చదివి వినిపించనా?"

"వినిపించండి. జవాబు మాత్రం అతనే చెప్పాలి. అతను ఏది చెబితే అదే నొక్కండి. సహాయంతో రాస్తున్నారని కింద ఒక గడి ఉంటుంది చూడండి, ముందే అందులో టిక్ పెట్టండి చాలు, టైము కూడా ఆగుతుంది."

ఆమె ఒక్కో ప్రశ్నా చదివింది. తెలుగు మాట అందని చోట వచ్చీ రాని ఒడియా కలిపింది. ఉపేంద్ర ఆలోచించి ఆలోచించి చెప్పాడు. పాసయ్యాడు. పాసు చేతికి రాగానే దాన్ని కళ్లకద్దుకుని లోపలికి వెళ్లాడు.

ఆ తర్వాత కొద్ది రోజులకే గోవింద్ ఉద్యోగం పోయింది. గోవింద్ అదే గేటు ఆఫీసులో ఝాన్సీ పక్క కుర్చీలో కూర్చునేవాడు. తన బావమరిది జవాబులు తప్పుతుంటే, గోవింద్ లేచి వెళ్లి తనే గబగబా నొక్కేశాడు. పైన కెమెరా ఉంది. హైదరాబాదులో ఎవరో చూశారు. మర్నాడు గోవింద్ వచ్చేసరికి అతని ఫోటో చుట్టూ కూడా ఎర్ర గీత ఉంది. గేటు బయటే నిలబడి, తన టిఫిన్ డబ్బా తెచ్చిమ్మని ఝాన్సీని అడిగాడు. ఆమె తెచ్చి ఇచ్చింది. అతని మొహం చూడలేకపోయింది.

అప్పలస్వామి వచ్చింది ఆ వారంలోనే.

అంతకు ముందు ఏడాది సాఫ్ట్‌వేర్ కొత్తగా పెట్టినప్పుడు పాతవాళ్లందరినీ ప్రమోద్ ఒక హాల్లో కూర్చోబెట్టి నోటితో చెప్పి, ట్రైనింగ్ అయిందని ఎక్కించేశాడు. కాబట్టి అప్పలస్వామి ఎప్పుడూ ఆ టాబ్ ముట్టుకోలేదు. ఆ ఉదయం వరసలో అతని వెనక ఒకటే జనం.

"అదిగో, మన గుంటే ఉన్నాది. మనకేటి!" అని మేనకోడల్ని చూపిస్తూ వెనకవాళ్లతో గట్టిగా అన్నాడు. వాళ్లు నవ్వారు. ఝాన్సీ తల ఎత్తకుండా నంబరు కొట్టింది. ఎర్ర గీత వచ్చింది.

"మావా, నీ ట్రైనింగ్ గడువు అయిపోనాది. ఆ వీడియో సూసి జవాబులు నొక్కాల."

"నాకేటే ట్రైనింగు? ఈ ట్యాంకులన్నిటికీ మొదటి రంగు ఏసింది నానే గదా."

"అందరికీ ఉందిలే. ఎల్లి సూడు."

అతను టాబ్ దగ్గరికి వెళ్లాడు. వీడియో నడుస్తుంటే పక్కనున్న వెల్డరుతో కబుర్లు చెప్పాడు. ప్రశ్నలు మొదలయ్యాక నవ్వడం మానేశాడు. అతను ఐదో తరగతి చదివాడు. బస్సు బోర్డులు చదువుతాడు, గోడ మీద పోస్టర్లు చదువుతాడు, నిదానంగా. 'పరిమిత స్థలము', 'వ్యక్తిగత రక్షణ పరికరములు' లాంటి మాటలు కూడబలుక్కుని చదివేలోపే తెర మారిపోతోంది. జవాబు దగ్గరికి చేరకుండానే ప్రశ్న వెళ్లిపోతోంది. మొదటిసారి తప్పాడు. చెమట తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టాడు. మధ్యలో ఝాన్సీ దగ్గరికి వచ్చి, వంగి, మెల్లగా అన్నాడు.

"ఒసే, అచ్చరాలు పరిగెడతన్నాయే. నువ్వొచ్చి నొక్కీయే. ఏటి నొక్కాలో నీకు తెలుసు గదా."

మెల్లగానే అన్నాననుకున్నాడు. కాని వరసలో ముందున్నవాళ్లంతా విన్నారు. ఝాన్సీ పైనున్న కెమెరా వైపు చూసింది. గోవింద్ ఖాళీ కుర్చీ పక్కనే ఉంది.

ఆ క్షణంలో ఆమెకి ఉపేంద్ర గుర్తు రాలేదా అంటే, వచ్చాడు. చెయ్యి ఫోన్ దాకా వెళ్లింది కూడా. ప్రమోద్‌కి ఒక్క మాట చెప్పి, మావ పక్కన నిలబడి చదివితే సరిపోయేది. అది తప్పు కాదు, దొంగతనం కాదు, గడి కూడా ఉంది. కాని వరసలో ఉన్నవాళ్లు చూస్తున్నారు. ఇందాకే కదా 'మన గుంటే ఉన్నాది' అని నవ్వుకున్నారు. మేనమామ కోసం లేచిందంటారు. ఈమె కూడా గోవింద్ లాంటిదే అంటారు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అలా కుదరదండి. మీరు పక్కకి జరగండి, వెనకాల చాలామంది ఉన్నారు" అంది.

అప్పలస్వామి ఒక క్షణం అర్థం కానట్టు చూశాడు. పుట్టినప్పటి నుంచి ఆమె అతన్ని 'నువ్వు' అనే పిలిచింది.

"మీరేటే?" అన్నాడు.

ఆమె వెనకవాడి నంబరు అడిగింది. అతను వెళ్లి మిగిలిన ప్రశ్నలు ఏవో నొక్కాడు. తెర మీద అతని ఫోటో చుట్టూ ఎర్ర గీత మందంగా వచ్చింది. తాళం పడింది. ఆ మాట ఆమె చెబితే, "సర్లెండి" అన్నాడు. హెల్మెట్ చంకలో పెట్టుకుని, వరసకి అడ్డం రాకుండా గోడ పక్క నుంచి నడిచి బండి దగ్గరికి వెళ్లాడు.

తాళం పడిన సంగతి కాంట్రాక్టరు ధనరాజ్ ఫోన్‌కి కూడా మెసేజ్‌గా వెళ్తుంది. మధ్యాహ్నానికల్లా అతను వేరే పెయింటర్ని తెచ్చుకున్నాడు. "లోపల్కి రాలేనోడితో నాకేటి పని?" అన్నాడట.

ఝాన్సీ ఆ సాయంత్రం మావకి ఫోన్ చేసింది. ఎత్తలేదు. వచ్చే నెల మొదటి సోమవారం జరిగే క్లాసుకి అతని పేరు తనే ఎక్కించింది. ఆ రోజు అతన్ని ముందు వరసలో కూర్చోబెట్టాలని, ప్రమోద్‌తో చెప్పి నోటితోనే అడిగించాలని అనుకుంది. ఆదివారం వాళ్లింటికి వెళ్లి ఆ మాట చెప్పి రావాలనీ అనుకుంది. ఆదివారం వచ్చింది. అత్త ఏమంటుందోనని వెళ్లలేదు. కాస్త కోపం తగ్గాక వెళ్దామనుకుంది. ఆ తర్వాత వచ్చిన ఆదివారం కూడా అలాగే అనుకుంది.

అప్పలస్వామి ఖాళీగా కూర్చునే మనిషి కాదు. నరసన్నపేట అవతల ఒక బియ్యం మిల్లులో పని దొరికింది. వానలు పడేలోపు మిల్లు పైకప్పు బాగుచేసి, ఇనప దూలాలకి రంగు వేయాలి. ఆ మిల్లుకి గేటు ఉంది గానీ అక్కడ ఎవరూ ఏమీ అడగరు. తెర లేదు, ప్రశ్నలు లేవు. నిచ్చెన గోడకి ఆనించి ఉంది. అతను ఎక్కాడు.

పైకప్పు సిమెంటు రేకులది. పాతబడి పెళుసెక్కి ఉన్నాయి. మిల్లు యజమాని మొయిలు కమ్ముతోందని తొందరపెట్టాడు. అప్పలస్వామి ఒక దూలం మీద నుంచి ఇంకో దూలం మీదకి వెళ్లబోయి, మధ్యలో రేకు మీద అడుగు వేశాడు. రేకు విరిగింది. కింద గచ్చు నేల.

క్లాసు జరగాల్సిన సోమవారానికి అతను విశాఖపట్నం పెద్దాసుపత్రిలో వెల్లకిలా పడుకుని ఉన్నాడు. వెన్నుపూస దెబ్బతింది. ప్రాణానికి భయం లేదన్నారు. నడుముకి కింద మాత్రం స్పర్శ సరిగ్గా లేదు. మెల్లగా రావచ్చు, రాకపోవచ్చు అన్నారు.

ఝాన్సీ సెలవు పెట్టి వెళ్లింది. వార్డులో మంచం పక్కన అత్త జగ్గమ్మ స్టూలు మీద కూర్చుని ఉంది. ఝాన్సీని చూసి లేవలేదు. అప్పలస్వామే పలకరించాడు.

"వొచ్చినావేటే? బస్సులో నిలబడి వొచ్చినావా, సీటు దొరికినాదా?"

ఝాన్సీ కళ్లు తుడుచుకుంది. మంచం కమ్మీ పట్టుకుని నిలబడింది.

"ఏడవకే. నువ్వేటి సేస్తావు? నీ కెమేరా నీకుంటాది. నాను సదవలేక పోనాను" అన్నాడు.

కొద్దిసేపటికి ఉపేంద్ర వచ్చాడు. చేతిలో బత్తాయిల సంచీ ఉంది. ఫ్యాక్టరీలో ఆ కొద్ది రోజులూ అప్పలస్వామి ఎక్కిన పరంజాలు కట్టినవాడు అతనే. బత్తాయిలు జగ్గమ్మ చేతికి ఇచ్చి, మంచం చివర నిలబడి అప్పలస్వామి పాదాలు చూశాడు. తర్వాత ఝాన్సీని చూడగానే అతని మొహం విప్పారింది.

"మేడమ్! అమ్మా, ఈ మేడమ్ శానా భల మనిసి" అన్నాడు జగ్గమ్మ కేసి తిరిగి. "నాకు అచ్చరం రాదు. గేటుకాడ ఈ మేడమే పక్కన నిలబడి అన్నీ సదివి ఇనిపించినాది. ఓపిగ్గా. రెండేసిసార్లు సదివినాది. అందుకే నాకు పాసు వొచ్చినాది."

మంచి మాటే అన్నాననుకుని నవ్వాడు. ఎవరూ నవ్వలేదు. అప్పలస్వామి కళ్లు పైన తిరుగుతున్న ఫ్యాను మీద ఉన్నాయి. అవి కిందికి దిగి ఒక్కసారి ఝాన్సీ మొహం మీద ఆగాయి. మళ్లీ ఫ్యాను మీదకి వెళ్లిపోయాయి. ఆ చూపులో కోపం ఉంటే బాగుండునని ఆమెకి తర్వాత చాలాసార్లు అనిపించింది. కోపం లేదు. ఇప్పుడే ఏదో కొత్త సంగతి తెలిసిన మనిషి చూపు అది.

జగ్గమ్మ ఆమెని వరండాలోకి తీసుకెళ్లింది.

"నిజవేనా ఆడు సెప్పింది?"

"నిజవే అత్తా."

"అంటే సదివి ఇనిపించొచ్చు?"

"ఇనిపించొచ్చు."

"మరి ఈయనకెందుకు ఇనిపించనేదు?"

ఝాన్సీ దగ్గర జవాబు ఉంది. అదే చెప్పింది. "మావ కాబట్టి. సొంతోడి కోసం సేసినానంటారని."

జగ్గమ్మ చాలాసేపు ఆమె మొహంలోకి చూసింది.

"ఊరోడు కానోడికి సదివినావు. నీ నాన పోనాక నిన్ను బండెక్కించుకొని కాలేజీకి తిప్పినోడికి సదవనేదు. సాల్లే. నొక్కి పెట్టమన్నాడని నాకు సెప్పినాడు. అది తప్పేనని ఆయనే అన్నాడు. గుంట ఉద్దోగం పోవును గదా, నానే బుద్ధి నేక అడిగినాను అన్నాడు. సదివితే సరిపోవునని ఆయనకి తెల్దు. నీకు తెలుసు." ఆమె గొంతు పైకి లేవలేదు. "'మీరు' అన్నావంట. అది మట్టుకు రెండు రోజులు తల్సుకున్నాడు."

అని లోపలికి వెళ్లిపోయింది.

బస్సులో తిరిగి వస్తుంటే ఝాన్సీ కిటికీ లోంచి ఏమీ చూడలేదు. నొక్కేసి ఉంటే బాగుండునని ఆమెకి ఒక్కసారి కూడా అనిపించలేదు. ప్రమోద్ చెప్పిన ఆ ట్యాంకు కుర్రాడు ఆమెకి గుర్తున్నాడు. ఆపడం తప్పు కాదు. ఆపినచోటే ఆగిపోవడం తప్పు. పరాయివాడి మీద చూపించిన ఆ కాస్త ఓపిక, తనవాడు ఎదురుగా నిలబడేసరికి చూపించలేకపోయింది. నీతిగా ఉన్నానని ఆ రోజు అనుకుంది. నిజానికి వరసలో ఉన్నవాళ్ల నవ్వుకి భయపడింది.

మర్నాడు ప్రమోద్ గదికి వెళ్లి అంతా చెప్పింది. అతను మధ్యలో ఆపకుండా విన్నాడు.

"నాకు ఫోన్ చేసి ఉంటే చదవమనే వాణ్ని కదా మేడమ్."

"తెలుసు సార్."

ప్రమోద్ తన కంప్యూటర్లో ఆ నెల రిపోర్టు తెరిచాడు. లోపలికి వెళ్లిన వాళ్లలో నూటికి నూరుమందీ ట్రైనింగ్ అయినవాళ్లే. హైదరాబాదు నుంచి మెచ్చుకుంటూ ఉత్తరం కూడా వచ్చింది.

"ఇందులో మీ మావయ్య లేడు. గేటు బయట ఉండిపోయినవాణ్ని ఇది లెక్కపెట్టదు" అన్నాడు. "ప్రశ్నలు వినిపించే ఏర్పాటు ఇందులో మొదటి నుంచీ ఉంది. గొంతు రికార్డు చేసి పెట్టుకోవాలి, అంతే. తర్వాత చేద్దాంలే అని వదిలేశాను. రిపోర్టు బాగానే వస్తోంది కదా అని."

"నేను రికార్డు చేస్తాను సార్. కాకపోతే ఆ మాటలు మార్చాలి. అవి మా వాళ్లకి అర్థం కావు."

"మార్చండి. అర్థం మారకుండా మార్చండి."

అప్పలస్వామిని ఇంటికి తెచ్చాక వానలు పట్టాయి. ఝాన్సీ ప్రతి ఆదివారం వెళ్లేది. జగ్గమ్మ ఆమెని రావద్దనలేదు, రమ్మనీ అనలేదు. కుర్చీ వేసేది కాదు. మాట్లాడేది కాదు. ఆమె వచ్చేసరికి వంటింట్లోకి వెళ్లిపోయేది. ఝాన్సీ మంచం పక్కన కింద కూర్చుని, ఫోన్లో ఉన్న ప్రశ్నలు మావకి చదివేది. ఏ మాట ఎలా మారిస్తే పనివాళ్లకి తెలుస్తుందో అడిగేది. అతనికి ఆ పని నచ్చింది. పొద్దస్తమానం పైకప్పు చూస్తూ పడుకునేవాడికి అదొక కాలక్షేపం.

"పరిమిత స్థలం అంటే ఎవుడికి తెలస్తాదే? ట్యాంకులోకి దిగినప్పుడు, గోతిలోకి దిగినప్పుడు అను" అనేవాడు. "నిర్గమ ద్వారమేటి? బైటికెల్లీ దారి అను."

కొన్నింటికి అతను తప్పు జవాబు చెప్పేవాడు. ఏదైనా ద్రవం కారితే ముందు గుడ్డతో తుడిచేస్తానన్నాడు. "తుడవకూడదు మావా, దూరం జరిగి సెప్పాల" అని ఆమె అంటే, "అలగా? ఇన్నాల్లూ తుడిసీసినాను గదే" అని ఆశ్చర్యపోయాడు. ఎత్తు మీద బెల్టు ప్రశ్నకి సిగ్గుపడుతూ సరైన జవాబు చెప్పాడు.

ఒక ఆదివారం ఝాన్సీ ఒక ప్రశ్న దాటేసి తర్వాతది చదవబోయింది. అతను పట్టేశాడు.

"ఏటి దాటేసినావు?"

"ఏటీ నేదు మావా."

"సదువు."

ఆమె చదివింది. పెళుసుగా ఉన్న పైకప్పు మీద నడవవలసి వస్తే తీసుకోవలసిన జాగ్రత్త ఏమిటి?

బయట వాన గట్టిగా పడుతోంది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

"సిమ్మెంటు రేకు మీద అడుగెయ్యాలంటే ముందు ఏటెయ్యాల, అని అడుగు" అన్నాడు అప్పలస్వామి. తర్వాత అతనే చెప్పాడు. "బల్లెయ్యాల. రెండు దూలాలకీ ఆనీలాగ పొడుగు బల్ల. నాకు తెల్దని కాదే. బల్ల కిందనే ఉన్నాది. దిగి తెచ్చుకోవాల. మిల్లోడు వానొచ్చేస్తాదని అరస్తన్నాడు. ఒక్క అడుగే గదా అనుకున్నాను." కొంచెం ఆగి అన్నాడు. "అక్కడ అడిగీవోడు నేడే. నువ్వయితే అడుగుదువు. బల్లేదీ అని అడుగుదువు."

ఝాన్సీ తల దించుకుంది. "తప్పయిపోనాది మావా. ఆ రోజు నీ పక్కన నిలబడి సదవాల్సింది. నాకు తెలిసే సదవనేదు."

ఆమె ఆ మాట అతనితో అనడం అదే మొదటిసారి. ఇన్ని ఆదివారాలూ అందుకే వచ్చింది, ఇన్ని ఆదివారాలూ అనలేకపోయింది. అప్పలస్వామి ఆమె తల మీద చెయ్యి వేద్దామని చాపాడు. మంచం మీద నుంచి అందలేదు. ఆమె దగ్గరికి జరిగింది.

"అవును. సదివితే బాగుండును" అన్నాడు. పరవాలేదు అని మాత్రం అనలేదు. అతను అనాలని ఆమె కూడా కోరుకోలేదు.

ఆ నెలాఖరుకి రికార్డింగ్ పూర్తయింది. ఇప్పుడు గేటు దగ్గర టాబ్ ముందు నిలబడినవాడు చెవి బొమ్మ నొక్కితే ఝాన్సీ గొంతు వినిపిస్తుంది. 'ట్యాంకులోకి దిగే ముందు ఎవరిని అడగాలి? సిమెంటు రేకు మీద అడుగు వెయ్యాలంటే ముందు ఏం వెయ్యాలి?' సమయం గడియారం తీసేశారు. తప్పినవాళ్లకి తాళం పడే ముందు గేటు ఆఫీసులో ఉన్నవాళ్లు లేచి వెళ్లి పక్కన నిలబడాలని ప్రమోద్ రూలు పెట్టాడు. వాళ్లకి చుట్టమైనా సరే, కాకపోయినా సరే. ఎర్ర గీతతో వెనక్కి వెళ్లినవాళ్లు ఎంతమందో, ఎందుకు వెళ్లారో కూడా ఇప్పుడు నెల రిపోర్టులో ఉంటుంది. నూటికి నూరు రావడం లేదు. ఒడియాలో కూడా పెట్టాలని ఉపేంద్ర చేత చెప్పిస్తున్నారు. అతను ఒక్కో మాటకీ పెద్దగా గొంతు సవరించుకుంటాడు.

ధనరాజ్ ఒకసారి గేటు దగ్గర ఆగి, "మీ మావ గొప్ప పనోడమ్మా" అన్నాడు. ఝాన్సీ తల ఊపి, అతని పాసు చేతికి ఇచ్చింది. వరసలో తెలిసిన మొహం ఏదైనా కనిపిస్తే ఇప్పటికీ ఆమె చూపు ఒకసారి పైకి వెళ్తుంది. లేచి వెళ్లి పక్కన నిలబడుతుంది. కెమెరా చూస్తే చూస్తుంది.

అప్పలస్వామికి కుడికాలి బొటనవేలు కొద్దిగా కదులుతోంది. అంతకు మించి ఏమీ లేదు. మొన్నటి ఆదివారం ఝాన్సీ వెళ్లేసరికి అతను మంచం మీద ఒక పక్కకి ఒరిగిపోయి ఉన్నాడు. జగ్గమ్మ ఒక్కతే అతన్ని సరిచేయలేక అవస్థ పడుతోంది. ఝాన్సీ చెప్పులు విడిచి గుమ్మంలోనే ఆగితే, ఆమె వెనక్కి తిరగకుండానే అంది.

"అలా సూస్తావేటే? ఇలా వొచ్చి ఆ పక్క పట్టుకో."

ఆసుపత్రి వరండా తర్వాత అన్ని నెలల్లో ఆమె ఝాన్సీతో అన్న మొదటి మాట అది. ఝాన్సీ మంచం అవతలికి వెళ్లి, మావ చంకల కింద చేతులు వేసింది. ఇద్దరూ కలిసి అతన్ని పైకి జరిపి, వీపు వెనక దిండు పెట్టి కూర్చోబెట్టారు. అతను నొప్పికి పళ్లు బిగబట్టి, తర్వాత ఊపిరి వదిలి, మంచినీళ్లు అడిగాడు.